బొత్తాలే మిగిలాయి

ఆయన రోజూ ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు "ఇవాళ పెందలాడే వచ్చేస్తా" అనేవారు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట నమ్మి, వంట చేసి, ఇద్దరికీ కంచాలు పెట్టి కూర్చునేదాన్ని. ఆ మాటకి అర్థం "నా కోసం చూడకు, తినెయ్యి" అని కొన్నాళ్ళకి తెలిసింది. పోయిన నెలలో ఒక సోమవారం కూడా అలాగే చెప్పి వెళ్ళారు. బడిలో మధ్యాహ్నం గంట కొట్టకముందే ఆయన్ని ఇంటికి తీసుకొచ్చారు. ఆ మాట నిజమైంది ఆ ఒక్కరోజే.

ఆయన టైలరు. నేను బడిలో పిల్లలకి వ్యాసాలు రాయడం నేర్పుతాను. ఒక మాట ఎక్కువైతే కొట్టేస్తాను, తక్కువైతే పక్కన ప్రశ్నార్థకం పెడతాను. ఆ అలవాటు బడి బయట పనికిరాదని ఆయన ఎప్పుడూ అంటుండేవారు. ఆయన పోయాక ఇంటికి వచ్చిన వాళ్ళ మాటలు వింటున్నప్పుడు అది నిజమేననిపించింది. "ఏ అవసరం వచ్చినా మొహమాటపడకుండా ఒక్క ఫోన్ చెయ్యండి" అన్నవాళ్ళందరూ ఆ మాట అనేసరికే చెప్పులు వేసుకుని ఉన్నారు. "ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు సెలవు తీసుకోండి" అన్న హెడ్‌మాస్టరుగారు, గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి పరీక్షల సంగతి గుర్తుచేశారు.

మా ఆడపడుచు నాకు తోడుగా ఉండిపోయింది. మొదటి వారం మా మధ్య రోజూ ఒకే సంభాషణ.

"వదినా, తిన్నావా?"

"తిన్నాను. నువ్వు?"

"నేనూ తిన్నా."

ఇద్దరం తినలేదని ఇద్దరికీ తెలుసు. కాసేపటికి తనే లేచి రెండు కంచాలు తెచ్చేది.

షాపు ఓనరు కూడా వచ్చారు. "తొందరేం లేదమ్మా. షాపు మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే ఖాళీ చెయ్యండి" అన్నారు. నేను తల ఊపాను. ఆయన కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, "ఒకటో తారీఖయితే నాకూ వీలుగా ఉంటుంది" అన్నారు. ఒకటో తారీఖుకి ఇంకా రెండు వారాలుంది.

మర్నాడు ఆడపడుచుని తీసుకుని షాపు తెరిచాను. ఇరుకు గది. తలుపు పక్కన మిషను, మధ్యలో కత్తిరించే బల్ల, గోడకి నిలువుటద్దం. వెనక అరల నిండా మూటలు. ఆయన ఏ గుడ్డ మూటని ఆ గుడ్డ అంచుతోనే కట్టేవారు. గుడ్డ మూలన సుద్దతో మనిషి గుర్తూ, కొలతలూ రాసేవారు. ఆయన అంకెలు పొట్టిగా, కాస్త వెనక్కి వాలి ఉంటాయి. ఒక్కొక్క మూటే విప్పి చూశాం. కుట్టినవి ఒకటో రెండో. మిగతావాటికి కత్తెరే తగల్లేదు.

"ఇదేంటి వదినా," అంది ఆడపడుచు, "వీధిలో ఎవరు కనిపించినా మా బట్టలు అయిపోయాయటగా, బొత్తాలే మిగిలాయటగా అంటున్నారు."

నేను జవాబు చెప్పేలోగా పోస్ట్‌మాన్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మా వీధికి ఉత్తరాలు తెచ్చేది ఆయనే. పొట్ట ముందు నడుస్తుంది, ఆయన వెనకాల వస్తాడు.

"టీచరమ్మా, ఇలాంటి టైములో అడగకూడదు."

"అడగండి."

"నాకేం తొందర లేదు."

"ఎప్పటికి కావాలి?"

"శుక్రవారానికి."

శుక్రవారం ఆయన రిటైర్మెంటు. ఆఫీసులో చిన్న సభ పెడుతున్నారు. "చేరిన రోజు నుంచీ యూనిఫారమే కదమ్మా. ఆ ఒక్క రోజు కోటు వేసుకుని కుర్చీలో కూర్చుందామని. మా వాళ్ళందరికీ చెప్పేశాను కూడా. కోటు అయిపోయిందని టైలరుగారు చెప్పారు. బొత్తాలే మిగిలాయట." నేల చూస్తూ అడిగాడు, "అవి మీ దగ్గర ఉన్నాయటగా?"

"నా దగ్గరా?"

"అంటే, మీకు బడి పని. తీరిక దొరకదు. బొత్తాలు మా టీచరమ్మ కుట్టాలి, ఆవిడ ఎప్పుడు కుడితే అప్పుడే అని టైలరుగారు అందరికీ చెప్పేవారు. ఎవరి తీరిక వాళ్ళది, నేను తప్పుపట్టను. మా ఆవిడతో కూడా మీ గురించి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు."

చాలా మాటలే అన్నాడని అర్థమైంది.

ఇంట్లో దిండు గలీబులు కుట్టే వరకే నాకు మిషను తెలుసు. ఆయన షాపు బొత్తం ఒక్కటి కూడా ఎప్పుడూ ముట్టుకోలేదు. పిల్లల వ్యాసాలు ఏ రోజువి ఆ రోజే దిద్ది ఇచ్చేస్తానని బడిలో నాకు పేరుంది. ఆ పేరు గురించి లోలోపల కాస్త గర్వం కూడా ఉంది. ఇక్కడ, బడికి పక్క వీధిలోనే, ఇన్నేళ్ళుగా నేను బొత్తాలు కుట్టడానికి బద్ధకించే మనిషిని. ఒళ్ళు మండిపోయింది. పోయిన మనిషి మీద కోపం వస్తే ఎవరితో చెప్పుకోవాలో తెలియదు.

"కాదండీ, మా వదిన అసలు..." అని ఆడపడుచు మొదలుపెట్టింది. నేను తన చెయ్యి పట్టుకున్నాను.

నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కానీ ఆ వాక్యం విన్నాక పోస్ట్‌మాన్ ఈ గుమ్మం దిగి, పోయినాయన కత్తెర పెట్టని గుడ్డని అయిపోయిందని చెప్పాడని వీధి చివరిదాకా చెప్పుకుంటూ వెళ్తాడు. ఆయన ఎవరికీ కాదని చెప్పలేక అందరి గుడ్డలూ తీసుకున్నారు. ఆ సంగతి నాకు తెలుసు, వీధికి తెలియదు. తప్పు అని తెలిసీ దిద్దకుండా వదిలేసిన వాక్యం, అప్పటిదాకా నా జీవితంలో, ఆ బొత్తాల మాటొక్కటే.

"శుక్రవారం పొద్దున్న కోటు మీ చేతిలో ఉంటుంది," అన్నాను.

ఆయన వెళ్ళాక ఆడపడుచు నా మీద విరుచుకుపడింది. "ఎందుకు నీ మీద వేసుకున్నావు? చెప్పేస్తే పోయేదిగా."

"మీ అన్నయ్య బొత్తాలే మిగిలాయన్నారు. గురువారానికి బొత్తాలే మిగలాలి."

"గుడ్డ ఇంకా కత్తిరించనే లేదు వదినా."

"చూశాను."

కత్తిరించడం నాకు రాదు. మూట పట్టుకుని రోడ్డు దాటాను. ఎదురు టైలరింగ్ షాపు మాస్టరుకీ మా ఆయనకీ చాలా ఏళ్ళుగా మాటల్లేవు. మా బోర్డు కంటే ఆయన బోర్డు జానెడు పొడుగ్గా చేయించినప్పటి నుంచి ఆ గొడవ. నన్ను చూడగానే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మీ ఆయన నాకు సొంత తమ్ముడి లెక్కమ్మా."

"అందుకే వచ్చాను. ఈ కోటు కత్తిరించి ఇవ్వాలి. కుట్లు నేను వేసుకుంటాను. కాలరూ చేతులూ మాత్రం మీరే చూడాలి. శుక్రవారానికి."

"కాదనేవాణ్ణి కాదు. కానీ చేతినిండా పని. ఊపిరాడటం లేదంటే నమ్మండి."

ఆయన మిషను మీద పిల్లి పడుకుని ఉంది. బాగా పొద్దెక్కే దాకా నిద్రపోవడానికి అలవాటుపడ్డ పిల్లిలాగే ఉంది.

"ఆ పిల్లి లేచేదాకా కూర్చుంటాను," అని స్టూలు లాక్కున్నాను.

మాస్టరు పిల్లినీ నన్నూ మార్చి మార్చి చూశారు. తర్వాత మూట అందుకున్నారు. విప్పి, మూలనున్న అంకెలు చదివి, కనుబొమలు ముడిచారు.

"నడుం ఇంతేనా?"

"ఆయన రాసిందే."

"సరే. మీ ఆయన చెయ్యి మీద నాకు నమ్మకం ఉంది."

తేడా వస్తే తప్పు తనది కాదని చెబుతున్నారని అప్పుడు నాకు తోచలేదు. గుడ్డ బల్ల మీద పరిచి, ఒక చివర మడిచి పక్కన పెట్టారు. "ఇంత ఎక్కువ ఎందుకు తెప్పించాడో."

"ఈ రకం తడిస్తే దగ్గరపడుతుంది, కాస్త ఎక్కువే తెండి అని అందరికీ చెప్పేవారు."

"ఇదా? దీన్ని బావిలో నానబెట్టినా దగ్గరపడదు."

సెలవు అడిగితే హెడ్‌మాస్టరుగారు "దానికేం భాగ్యం" అన్నారు. నేను ఆ మాటని ఉన్నదున్నట్టుగా తీసుకున్నాను. రోజంతా మా ఆయన మిషను ముందు కూర్చున్నాను. మొదటి కుట్టు వంకరపోయింది, విప్పాను. రెండోదీ పోయింది. ఆడపడుచు "బానే ఉంది వదినా, కనబడదు" అంది. కనబడుతుందని తెలిసి అదీ విప్పాను. సాయంత్రాలు మాస్టరు రోడ్డు దాటి వచ్చి కాలరు వేసేవారు, చేతులు ఎక్కించేవారు. మా షాపులో కూర్చోవడం ఆయనకి మొదట ఇబ్బందిగా ఉండేది. తర్వాత మా కత్తెర పదునుగా లేదని రెండుసార్లు అన్నారు. అంటే మంచి కత్తెరని.

గురువారం మధ్యాహ్నం కోటు ఇస్త్రీ చేశాను. ఇస్త్రీకి సుద్ద పోతుంది. గుడ్డ లోపల మూలన ఉన్న ఆయన అంకెలు మసకబారి, మళ్ళీ ఒకసారి ఇస్త్రీ పెట్టె నడపగానే పోయాయి. నేను పెట్టె పక్కన పెట్టి నిలబడ్డాను. అరల్లో ఉన్న మూటలన్నీ పూర్తిచేస్తే ఆయన చేతిరాత అంతా ఇలాగే పోతుంది. ఆడపడుచుకీ అదే తోచినట్టుంది.

"మిగతావి అలా ఉండనిద్దామా వదినా? ఎవరి గుడ్డ వాళ్ళకి ఇచ్చేద్దాం. ఎవరూ ఏమీ అనుకోరు."

"అనుకుంటారు," అని పెట్టె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

సాయంత్రం పోస్ట్‌మాన్ కోటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. మాస్టరు ఆయన వెనక, ఆడపడుచు పక్కన. నేను ముందు.

"అబ్బ, ఎంత చక్కగా కుదిరిందో," అన్నాడు పోస్ట్‌మాన్. ఆయన గొంతు ఎక్కడో మేడ మీంచి వస్తున్నట్టుంది. మొహం ఎర్రబడింది.

"అతికినట్టుంది," అన్నారు మాస్టరు అద్దం వైపు చూడకుండా.

"అన్నయ్య కుట్టినట్టే ఉంది," అంది ఆడపడుచు.

ముగ్గురూ నా కోసమే అబద్ధం చెబుతున్నారు. మూడు మాటల అర్థమూ ఒకటే: పాపం, ఈ మనిషిని ఇప్పుడు బాధపెట్టకూడదు. ఇంకెప్పుడైనా అయితే నేనూ సంతోషంగా ఆ మాటలు తీసుకుని ఇంటికి వెళ్ళేదాన్నేమో. కానీ మర్నాడు సభలో ఆయన ఆ కోటుతో గంటసేపు కుర్చీలో కూర్చోవాలి.

"ఊపిరి వదలండి."

"వదిలాను టీచరమ్మా."

"వదల్లేదు."

"కొంచెం వదిలాను."

"మొత్తం వదలండి. నేను ఇక్కడే ఉంటాను."

బడిలో ఊపిరి బిగబట్టి కూర్చున్న పిల్లల్ని చాలామందిని చూశాను. ఎవరూ ఎంతోసేపు ఉండలేరు. పోస్ట్‌మాన్ నా మొహం చూశాడు, పైకప్పు చూశాడు, ఇక తప్పదన్నట్టు వదిలాడు. మధ్య బొత్తం ఎగిరి అద్దానికి తగిలి, మాస్టరు చొక్కా జేబు మీద పడి కింద దొర్లింది. అది నేను కుట్టిన మొదటి బొత్తం.

ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుంది. మాస్టరు దగ్గు తెచ్చుకున్నారు. చివరికి పోస్ట్‌మానే ముందు నవ్వాడు. ఆయన నవ్వుకి రెండో బొత్తం దగ్గర కుట్టు పటపటమంది. నేనూ నవ్వాను. ఆ సోమవారం తర్వాత నవ్వడం అదే మొదలు.

"మీరు రాయించిన కొలతకే కత్తిరించాం," అన్నాను నవ్వు ఆగాక.

పోస్ట్‌మాన్ కోటు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టాడు. "తప్పు నాదే టీచరమ్మా. కొలత తీసేటప్పుడు టైలరుగారు పైకి చదివేవారు. షాపులో నలుగురుంటారు కదా. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నా నడుం ఎంతో, ప్రతిసారీ ఆ అంకే చదివేవారు. అందరికీ వినబడేట్టు. అదే రాసేవారు. ఏం పోస్ట్‌మాన్‌గారూ, ఏళ్ళు గడుస్తున్నా మీరు మారలేదే అనేవారు. ఆ అంకె నాది కాదని నాకూ తెలుసు."

"మరి బట్టలు ఎలా సరిపోయేవి?"

"అది ఆయనకే తెలియాలి. ఎప్పుడూ బిగుతు కాలేదు."

"రాసింది ఒకటి, చేత్తో గుర్తుపెట్టుకునేది ఒకటి," అన్నారు మాస్టరు. "పొట్ట ఉన్నవాళ్ళకి తగ్గించి చదవాలి. బక్కవాళ్ళకి పెంచి చదవాలి. అందరం చేసేదే. కత్తిరించేటప్పుడు సరిచేసుకుంటాం."

"మీరు చెయ్యలేదు," అన్నాడు పోస్ట్‌మాన్. "నాకు ఉన్నదున్నట్టు చదివారు, అదీ మా బావగారి ముందు. అందుకేగా నేను రోడ్డు దాటి ఇటు వచ్చాను."

మాస్టరు కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

మాస్టరు మడిచి పక్కన పెట్టి నాకిచ్చిన గుడ్డ ముక్క కోసం వెతికాను. తడిస్తే దగ్గరపడని గుడ్డని ఎక్కువ తెమ్మనడం ఎందుకో ఇప్పుడు తెలిసింది. మీ పొట్ట పెరిగింది అనడానికి బదులు ఆయన గుడ్డ తగ్గుతుంది అనేవారు. ముక్క దొరికింది. రెండు పక్కలా చంక కింద నుంచి అంచు దాకా పట్టీలు వేస్తే సరిపోయేంత ఉంది.

"రేపు పొద్దున్నకా?" అన్నారు మాస్టరు. "బిగుతవుతుందని నేను ముందే చెప్పాను కదమ్మా."

ఆయన చెప్పలేదు.

"చెప్పారు," అన్నాను. "కత్తెర ఇదిగో."

పోస్ట్‌మాన్‌ని చేతులు పైకెత్తమని టేపు నేనే చుట్టాను. అంకె చూశాను. పైకి చదవలేదు. సుద్దతో పట్టీ లోపలి వైపు రాసి, మాస్టరుకి ఇచ్చాను. మాస్టరు చదివి, పోస్ట్‌మాన్ వైపు చూడకుండా గుడ్డ వైపే చూశారు. ఆ మాత్రం మర్యాద ఆయనకి ఇన్నాళ్ళకి వచ్చింది. ముగ్గురం కూర్చుని విప్పాం, వేశాం, మళ్ళీ కుట్టాం. ఆడపడుచు సాగిన కాజాలు మళ్ళీ కుట్టింది. బొత్తాలు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అన్నీ నేనే కుట్టాను, ఒక్కొక్కటీ దారం రెండు వరసలు వేసి.

శుక్రవారం పొద్దున్న పోస్ట్‌మాన్ కోటు తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టి, నేను చెప్పకుండానే గట్టిగా ఊపిరి వదిలాడు. ఏదీ ఎగరలేదు. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు. నేను దుమ్మేనని ఒప్పుకున్నాను.

"చూశారా టీచరమ్మా, కూర్చుంటే బొత్తాలెంతసేపు? ఇన్నాళ్ళూ మీరు..." అని ఆగిపోయాడు.

"ఇకనుంచి ఆలస్యం చెయ్యను," అన్నాను.

ఆడపడుచు గోడవైపు తిరిగి నిలబడింది. 

మధ్యాహ్నం ఓనరు వచ్చారు. "ఇటు ఏదో పని మీద వచ్చాను, ఎలాగూ వచ్చాను కదా అని..." అన్నారు. ఆయన ఇల్లు ఊరి అవతల. ఇటువైపు ఆయనకి పని మా షాపొక్కటే.

"ఒకటో తారీఖుకి ఖాళీ చెయ్యను," అన్నాను. "ఈ మూటలన్నీ పూర్తయ్యాక చేస్తాను."

"అయ్యో, దానికేముందమ్మా."

"దానికేముందో చెప్పండి."

ఆయన నన్ను కొత్తగా చూసినట్టు చూశారు. ఆ మాటకి ఎవరూ ఎదురుప్రశ్న వేసి ఉండరు. స్టూలు మీద కూర్చున్నారు.

"అంటే, మా బావమరిదికి ఇస్తానన్నాను. మీరు ఖాళీ చేసేశారని కూడా చెప్పాను. ఇప్పుడు వాడికి మొహం ఎలా చూపించను?"

"నా మీద చెప్పండి. టీచరమ్మ ఆలస్యం చేస్తోందనండి. ఈ వీధిలో ఎవరినడిగినా అవునంటారు."

 అది ఆయనకి నచ్చింది. "అది బాగానే ఉంది. వచ్చే నెలాఖరు దాకా నెట్టుకొస్తాను. అంతకు మించి నా వల్ల కాదు, నిజంగా చెబుతున్నాను." నిజంగానే చెబుతున్నారని నమ్మాను. లేచి, అరలవైపు చూసి, గొంతు తగ్గించారు. "మా ఆవిడ గౌను గుడ్డ కూడా ఇక్కడే ఉందనుకుంటా. బొత్తాలే మిగిలాయట."

"ఉంది. ఆవిడని ఒకసారి పంపండి. మళ్ళీ కొలవాలి."

"కొలతలు రాసే ఉంటాయిగా?"

"రాసే ఉన్నాయి."

ఆయనకి అర్థమైంది. తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగారు. "ఆ సంగతి ఆవిడతో నేను చెప్పలేను టీచరుగారూ. మీరే ఏదో ఒకటి చెప్పుకోండి."

సాయంత్రం పోస్టాఫీసు సభకి ఆడపడుచు వెళ్ళింది. నేను షాపులోనే ఉండిపోయాను. పై అర నుంచి మూటలు దించి, ఎవరివి ఎవరివో చూసి, బల్ల మీద వరసగా పెట్టాను. అన్నిటి మీదా కొలతలున్నాయి. ఏ ఒక్కటీ నమ్మడానికి లేదు. వీళ్ళందరినీ ఒక్కొక్కరినే పిలిచి మళ్ళీ కొలవాలి. మొదట ఓనరుగారి భార్యని. మళ్ళీ కొలత ఎందుకో ఏమని చెప్పాలో తేలక, ఆమెకి ఇంకా కబురు పంపలేదు.